ఒక గుండు బాకీ

ముందుగా ఒక మాట చెప్పేస్తాను. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. మా ఇంట్లో నేను "పాము!" అని కేకేస్తే మా ఆవిడ తాపీగా చీపురు పట్టుకుని వచ్చి వానపాము కోసం వెతుకుతుంది. ఫలానా పెళ్ళికి వెయ్యిమంది వచ్చారని నేనంటే, స్నేహితులు దాన్ని వందకు తగ్గించి, అందులోంచి వంటవాళ్ళనూ మేళగాళ్ళనూ తీసేసి లెక్క వేసుకుంటారు. కాబట్టి ఈ రాతలో మామ జుట్టు గురించీ, ఆయన నవ్వు గురించీ నేను చెప్పేదాన్ని ఎవరికి తోచినంత వాళ్ళు తగ్గించుకోండి. నాకేం బాధ లేదు. కానీ పెంచడం వేరు, లేనిది పుట్టించడం వేరు. ఇందులో ఒక్కచోట మాత్రం లేనిదాన్ని పుట్టించాను. అదేదో చివర్లో నేనే చెప్తాను. మధ్యలో పట్టేసుకోవాలని మీరు శ్రమపడొద్దు. నన్ను పట్టుకోగలిగిన మనిషి ఒకరే ఉన్నారు, ఆమె ఇది చదవదు.

మొన్న ఆఫీసులో కొత్త సంవత్సరం కేకు తింటూ మా పక్క సీటాయన అన్నాడు. "ఈ ఏడు పాతిక పుస్తకాలు చదవాలని పెట్టుకున్నా సార్. సగం సీడీల్లో వినేస్తా, బండిలో పోతా పోతా. విన్నా చదివినట్టే లెక్క కదా? మీరు రాసేవాళ్ళు, మీరు చెప్పండి."

అందరూ నా వైపు తిరిగారు. నేనేదో ఒక జోకు వేస్తానని నోళ్ళు సగం తెరిచి సిద్ధంగా ఉన్నారు. నా చెయ్యి దానంతటది తలమీదికి పోయింది. జుట్టు ఉంది. చక్కగా, రంగు వేసుకుని మరీ ఉంది. నా సిగ్గంతా అదే.

మామ గురించి చెప్పాలి. మామ అంటే చుట్టరికమేమీ కాదు. తొంభైల్లో నేను తిరుపతిలో గుమాస్తాగా ఉన్నప్పుడు ఆయన ఇంటి మిద్దె మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. చిత్తూరులో చాలాకాలం బెల్లం మండీ నడిపి, దాన్ని తమ్ముడి చేతిలో పెట్టి, భార్యతో తిరుపతికి వచ్చి ఇల్లు కట్టుకున్నాడు. పిల్లలు లేరు. మొదటిరోజు నేను "సార్" అన్నాను. "సారేందిరా సారు! నీకేమన్నా పాఠం సెప్పినానా నేను? మామా అను" అన్నాడు. ఆ లెక్కన ఆమె అత్త అయింది.

మామ జుట్టు చెప్పుకోదగ్గది. ఆ వయసులో అంత జుట్టు ఎవరికీ ఉండదు, ఉండకూడదు కూడా. నల్లగా, వత్తుగా, వెనక్కి దువ్వితే చొక్కా కాలరు కనపడేది కాదు. వానలో ఆయన నిలబడితే తడి ఆ జుట్టును దాటుకుని నెత్తికి చేరేలోపల వానే నిలిచిపోయేది. పెద్దమనుషులు జేబులో పెన్ను పెట్టుకుంటారే, ఈయన దువ్వెన పెట్టుకునేవాడు. ఒక మాట పూర్తి చేసినాడంటే ఒకసారి దువ్వుకోవాల్సిందే. అది ఆయన ఫుల్‌స్టాపు.

ఆ జుట్టు తాకట్టులో ఉంది.

తిరుపతిలో గుండు ఎవరి కంటికీ ఆనదు. బస్టాండులో దిగితే సగం తలలు గంధం పూసుకుని మెరుస్తూ ఎదురొస్తాయి. కానీ మా వీధిలో మాత్రం ఉగాది వస్తా ఉందంటే అందరి కళ్ళూ మామ తలమీదే. జుట్టు ఉంటే మామ ఆ ఏడు నలభై పుస్తకాలు చదివినట్టు. గుండు అయితే తప్పినట్టు. గుండు అయిన ఏడు అప్పటిదాకా ఒక్కటీ లేదు.

ఒకరోజు అరుగుమీద కూర్చుని ఆ కథ చెప్పాడు. అత్తకు టైఫాయిడు ముదిరి చిత్తూరులో ఆస్పత్రిలో పడుందట. డాక్టరు ఈయన మొగం చూడకుండా మాట్లాడి వెళ్ళిపోయాడట.

"బయట బల్లమీద అట్టలు లేని పుస్తకం ఒకటి పడుండాది. ఎవురు వదిలేసి పోయినారో. ఎనిమిదో తరగతి తర్వాత బెల్లం రేట్ల సీటీలు తప్ప ఏమీ సదివినోణ్ణి గాదు నేను. సాయంకాలానికంతా సదివేసినా. అందులో ఏముండిందో ఇప్పటికీ తెలీదబ్బా. అచ్చరాలు పట్టుకోని యాలాడినానంతే. పొద్దుగూకే యాళకు మీ అత్త నీళ్ళడిగె. ఆడనే మొక్కుకున్నా. స్వామీ, ఇది నడుసుకుంటా ఇంటికొస్తే నేను బతికినన్నాళ్ళూ ఏడాదికి నలభై పుస్తకాలు సదువుతా. తప్పిన ఏడు నా జుట్టు నీది."

"నలభై ఎందుకు మామా?"

"దాని మంచం నంబరు."

"డబ్బు మొక్కుకోవచ్చు గదా?"

"డబ్బిస్తే నాకేం నొప్పిరా? సదవడం నొప్పి." ఒకసారి దువ్వుకున్నాడు. తర్వాత వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "జుట్టు పోతే పోనీ, మళ్ళీ మొలుస్తాది. సదవకుండా సదివినానని దొంగలెక్క సెప్పినాననుకో, ఆయన జుట్టు అడగడు. దాన్ని ఎనక్కి అడుగుతాడు."

అప్పుడు నేను నవ్వాను. నవ్వినందుకు ఆయన ఏమీ అనుకోలేదు. నాకు నవ్వడం ఉద్యోగం అని ఆయనకు తెలుసు.

లెక్క పెట్టేది అత్త. పుస్తకం అయిపోయిందని మామ కేకేస్తే, ఆమె వంటింట్లోంచి చింతగింజ ఒకటి తెచ్చి దేవుడి గూట్లో ఉన్న ఇత్తడి చెంబులో వేసేది. ఉగాది ముందురోజు ఇద్దరూ చెంబు బోర్లించి లెక్కపెట్టుకునేవాళ్ళు. ఆ తర్వాత అత్త ఆ గింజల్ని వేయించుకుని నెలరోజులు నమిలేది. మామ ఏడాదంతా చదివిన సాహిత్యాన్ని నెలలో నమిలి మింగేసిన మహాతల్లి ఆమె. అక్షరం రాదు.

నేను వెళ్ళిన రెండో ఏడు మామకు చూపు మసకబారింది. రెండు కళ్ళకూ శుక్లాలు. ఆపరేషను చేస్తామన్నారు గానీ షుగరు దిగితేనే అన్నారు. చేతులతో బెల్లం తూచినంతకాలం తూచి, ప్రతి దిమ్మెనూ గిల్లి నోట్లో వేసుకున్న మనిషికి షుగరు ఊరికే దిగుతుందా? పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకునేవాడు, చేతి పొడుగునా పట్టుకునేవాడు, ఎండలోకి పరిగెత్తేవాడు. పేజీకి ఒక పూట పట్టేది. చెంబును చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవాడు. గలగలమని మోగాల్సిన చెంబు టిక్కుటిక్కుమనేది.

"క్యాసెట్లలో చదివిపెడతా మామా, వినేయి" అన్నాను నేను. మంచి మనసుతోనే అన్నాను. ఆ మాట వరకు నాలో తప్పు పట్టడానికేమీ లేదు.

ఆయనకు కోపమొచ్చింది. "ఇనిందాన్ని సదివినట్టు ఎట్ట లెక్కేసేదిరా? కొండకు నడిసిపోయినోడూ, వాడు తెచ్చిన లడ్డు తినినోడూ ఒకటేనా?"

ఒకటో కాదో తేల్చుకోవడానికి ఇద్దరం వీధి మొగదల టేపురికార్డర్లు రిపేరు చేసే భాయి దగ్గరికి పోయాం. మామ ఏ సంగతైనా పూజారిని అడగడు, భాయిని అడుగుతాడు. భాయి ఒక కంట్లో అద్దం పెట్టుకుని ఏదో అతికిస్తూ, తలెత్తకుండా అంతా విన్నాడు.

"అన్నా, మా అబ్బాకు అచ్చరం ముక్క రాదు. ఆయన నోట ఉండేటివన్నీ ఎవురో సదవంగా ఇని నేర్సుకున్నేటివే. ఇనిందీ సదువే." అద్దం తీసి నా వైపు చూశాడు. "కానీ ఒకటి. సదివేటోడు ఒక్క మాట తియ్యగూడదు, ఒక్క మాట కలపగూడదు. కలిపినాడా, నువ్వు ఇనింది ఆ పుస్తకం గాదు."

మామ కూడా నేనున్న వైపు తల తిప్పాడు. "ఇంటివా?"

"కలపను భాయ్" అన్నాను. భాయికే చెప్పాను. మామకు చెప్పలేదన్న సాకు తర్వాత చాలాసార్లు వెతుక్కున్నాను, పనికిరాలేదు.

సాయంత్రాలు ఆఫీసు నుంచి వచ్చి మిద్దె మీద చదివి క్యాసెట్టులో ఎక్కించేవాణ్ణి. మర్నాడు మామ కింద పెట్టుకునేవాడు. ఆయన వినే తీరు చూడాల్సిందే. కాళ్ళు కడుక్కుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, అదే పుస్తకాన్ని ఒళ్ళో తెరిచి పెట్టుకునేవాడు. నా గొంతు వినపడుతుంటే అంచనాగా పేజీలు తిప్పేవాడు. "సేతిలోంచి గూడా పోవాల గదా" అనేవాడు. గేటు చప్పుడైతే చాలు, టేపురికార్డరు మీద తువ్వాలు కప్పేసి పుస్తకంలోకి వంగేవాడు. ఆ తువ్వాలు కింద నేను గొణుగుతూనే ఉండేవాణ్ణి. వచ్చినవాళ్ళు "ఎవరో లోపల మూలుగుతా ఉన్నారే" అంటే, "మీ అక్కకు ఒళ్ళు బాగలేదులే" అని అత్త మీదికి తోసేవాడు. వినడమంటే ఆయనకు అంత సిగ్గు.

మొదటి నాలుగైదు పుస్తకాలు నేను నిజాయితీగా చదివాను. ఇది నమ్మండి.

తర్వాత మంచుదేశం నవల ఒకటి వచ్చింది, తెలుగులోకి తెచ్చింది. గుర్రబ్బండి తోలేవాడొకడు మంచులో పడి పోతూపోతూ ఒక పూటకూళ్ళ ఇంటి ముందు ఆగుతాడు. వాడికి ఎండిన నల్లరొట్టె ముక్క, క్యాబేజీ ఉడికించిన నీళ్ళు పెడతారు. ఆరోజు మా మెస్సు మూసేశారు. నా కడుపు కాలుతోంది. ఆ క్యాబేజీ నీళ్ళు చదువుతుంటే వాడి మీదా నా మీదా కలిపి జాలేసింది. నోరు దానంతటది పోయింది. "ఇంటామె పొగలు కక్కుతున్న రాగిసంగటి ముద్దను, పందెంలో గెలిచిన పొట్టేలు తలకాయంత ముద్దను, వాడి ముందర పెట్టింది. నడుమ గుంత చేసి నెయ్యి పోసింది. చుట్టూ నాటుకోడి పులుసు. వాడు ఉల్లిగడ్డను పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాడు. ఆ దెబ్బకు బయట కట్టేసిన గుర్రం సకిలించింది."

మర్నాడు కింద నుంచి మామ నవ్వు వినపడింది. నవ్వంటే అది నవ్వు కాదు. మిద్దె సున్నం రాలింది. నా మంచం రెండంగుళాలు జరిగింది.

"ఏమేవ్! ఆ మంచుదేశంలో గూడా సంగటేనంట!"

"ఆ మంచులో రాగులు యాడ పండిస్తారంట?" అంది అత్త వంటింట్లోంచి.

"నీకేం తెలుసే! పుస్తకంలో ఉండాది."

సాయంత్రానికి ఆ వార్త టీ కొట్టుకూ, భాయి దుకాణానికీ, బెల్లం మండీ వాళ్ళ ఫోను ద్వారా చిత్తూరుకూ చేరింది. సంగటి లేని దేశం లేదని మామ ఒక సిద్ధాంతం లేవదీశాడు. జుట్టు దువ్వుకుంటూ, గర్వంగా.

నేనప్పుడే ఆపెయ్యాల్సింది. ఎందుకు ఆపలేదో చెప్తాను. అప్పట్లో నేను పంపే హాస్యకథల్ని పత్రికలవాళ్ళు పోస్టుమాను కంటే వేగంగా తిప్పి పంపేవాళ్ళు. నాకు దొరికిన మొదటి పాఠకుడు చూపు లేనివాడు. అదీ వేరేవాళ్ళు రాసిన పుస్తకాల్లో. ఆ నవ్వు రుచి మరిగాను. తర్వాతి పుస్తకంలో రాజుగారు యుద్ధానికి బయల్దేరే ముందు పచ్చిపులుసు అడిగాడు. ఒక అపరాధ పరిశోధకుడు శవం పక్కన కూర్చుని వేరుశనగ చట్నీ నాకాడు. ఆఖరుకు ఒక సన్యాసి చరిత్రలో ఆయన హిమాలయాల్లో ఏడేళ్ళు ఉపవాసం చేస్తే, ఎనిమిదో ఏడు నేను ఆయన చేత సంగటి తినిపించాను.

ఒక సాయంకాలం చదువుతుంటే అత్త మెట్లెక్కి వచ్చింది. చేతిలో పళ్ళెం, దానిమీద మూత. నా ముందు పెట్టి, టేపురికార్డరు బటను తనే నొక్కి ఆపేసింది.

"ముందు తిను. తర్వాత సదువు."

మూత తీస్తే సంగటి, కోడిపులుసు. నా మొగం వాడిపోయింది.

"అత్తా..."

"నీకు ఆకలేసినప్పుడల్లా ఆ పుస్తకాల్లోవాళ్ళు తింటా ఉండారు నాయనా. నాకు తెలీదనుకున్నావా? కడుపు నిండినాక సదివితే వాళ్ళు పస్తుంటారులే, పుస్తకం సక్కంగా ఉంటాది."

"మామకు చెప్తావా?"

ఆమె కాసేపు కొంగు అంచు వేళ్ళకు చుట్టుకుంది. "కండ్లు పోయినాక ఆయప్ప నవ్వింది అప్పుడే." అని మెట్లు దిగిపోయింది.

ఆనాటి నుంచి రోజూ పళ్ళెం వచ్చేది. తినేవాణ్ణి. తిన్నాక కూడా కల్పించేవాణ్ణి. ఆకలి సాకు కూడా అలా పోయింది. ఏ పుస్తకంలో ఏం కలిసిందో ఆమెకు తెలుసు. అయినా పుస్తకం అయిపోగానే గింజ వేసేది.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. ఇది రాయకుండా తప్పించుకుందామని రెండుసార్లు కాగితం చింపేశాను. నేను కలిపేకొద్దీ చదువు పొడుగయ్యేది. మామ ఒళ్ళో పుస్తకం అయిపోయేది, క్యాసెట్టులో నేను ఇంకా చదువుతూనే ఉండేవాణ్ణి.

ఒకరోజు నన్ను పిలిచి, ఆఖరి అట్టను తడుముతూ అడిగాడు. "ఏందబ్బా, పుస్తకం అయిపోయింది, నువ్వింకా సదువుతానే ఉండావే?"

"నువ్వు రెండేసి పేజీలు తిప్పినట్టుండావు మామా" అన్నాను.

ఆయన తన వేళ్ళను ఒకదాంతో ఒకటి రుద్ది చూసుకున్నాడు. "అవునేమోరా. వయసైపాయె. వేలికి తెలీడం లేదు." అప్పట్నుంచి ప్రతి పేజీ తిప్పేముందు రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపి, ఒకటే అని తేల్చుకుని తిప్పేవాడు. నలిపి నలిపి తిప్పే ఆ వేళ్ళు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి.

రెండు ఉగాదులు అలా దాటాయి. చెంబులో నలభై గింజలు. తలమీద జుట్టు. వీధంతా మెచ్చుకుంది.

తర్వాత షుగరు దిగింది. ఆపరేషను బాగా జరిగింది. సోడాబుడ్డి అడుగుల్లాంటి అద్దాలు పెట్టుకుని మామ ఇంటికొచ్చి, మొదట అత్త మొగం చూశాడు, తర్వాత అద్దంలో జుట్టు చూసుకున్నాడు. మూడోది, ఆ మంచుదేశం నవల చూడాలన్నాడు. "ఆ సంగటి తినే కాడ అచ్చులో ఎట్టుంటాదో సూడాలరా." గ్రంథాలయానికి పోయి తెచ్చుకున్నాడు. నేను ఆఫీసుకు పారిపోయాను.

సాయంత్రం గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. "ఎవుడో నాకొడుకు పేజీ సించేసినాడురా! సంగటి పేజీ లేదు! నువ్వు సదివినప్పుడు ఉండింది గదా? రా, ఆయమ్మకు సెప్పు."

నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. మా వీధి వెనకున్న చిన్న గ్రంథాలయం అది. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని ఉంది. మామ గొంతు పెద్దది, ఆరోజు ఇంకా పెద్దది చేశాడు.

"పుస్తకాలకు కాపలా ఉండేదాని గాదా నువ్వు? సించుకోని పోతా ఉంటే సూస్తా కూసున్నావా? ఈ దేశంలోకే మంచి పేజీ అమ్మా అది!"

"పేజీలన్నీ ఉన్నాయి సార్" అంది ఆ అమ్మాయి. మామ వినలేదు. ఆమె పుస్తకం తీసుకుని, ఆయన ఎదురుగా ఒక్కొక్క పేజీ అడుగున అంకె మీద వేలు పెట్టి చూపిస్తూ పోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పేపరు చదివేవాళ్ళందరూ తలలెత్తారు.

"ఇదిగో, ఈయన సదివినాడు. నోటితో సదివి నాకు ఇనిపించినాడు. సెప్పరా! ఉండిందా లేదా?"

నేను నోరు తెరవలేదు. ఊరికే నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే చాలు, ఆ పిల్ల ఏడుపు ఆగేది. తెరవలేదు.

ఆ అమ్మాయి వేలు గుర్రబ్బండివాడి పేజీకి వచ్చింది. ఎండిన నల్లరొట్టె. క్యాబేజీ నీళ్ళు. తర్వాతి పేజీ. అంకె తప్పలేదు.

మామ నా వైపు తిరిగాడు. ఆ అద్దాల వెనక ఆయన కళ్ళు కోడిగుడ్లంత కనిపించాయి. చూపు బాగయ్యాక నా మొగాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. చాలాసేపు చూశాడు. నా మొగంలో చదవాల్సిందంతా అచ్చులోనే ఉంది.

ఆ అమ్మాయికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "తప్పయిపోయిందమ్మా. పేజీ నా తలకాయలోనే ఉండింది." నా పేరు చెప్పలేదు.

దారిలో ఒకే ఒక్క మాట అడిగాడు. "ఎన్నిట్లో?"

"ఏదో, రెండుమూడింట్లో మామా."

తల ఊపాడు. కాసేపటికి, "బాగుండిందిరా ఆ సంగటి. అదే నా ఏడుపు" అన్నాడు. దువ్వుకోలేదు.

ఇంటికొచ్చి చెంబు బోర్లించాడు. అత్త పరిగెత్తుకొచ్చింది. సంగతి తెలుసుకుని, "అన్నీ ఎందుకు తీసేస్తావు? కొన్ని సక్కంగా సదివినేవి ఉండాయి గదా" అంది.

"ఏ గింజ ఏదో ఎవురికి తెలుసు?"

"నాకు తెలుసు" అంది అత్త. అని, నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

మామ ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "ఇద్దురూ కలిసి తినిపించినారన్నమాట" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. భయంగా అన్నాడు. అని ఆమె నుదుటిమీద చెయ్యి పెట్టి చూశాడు, జ్వరం ఉందేమోనని. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు. అత్త కూడా కదల్లేదు. నేను మిద్దె మెట్ల దగ్గర నిలబడి, నా చెప్పుల్ని చూసుకుంటూ ఉన్నాను.

రెండేళ్ళు దొంగలెక్క. రెండు గుండ్లు బాకీ. మర్నాడే నడిచి కొండెక్కి మొదటిది ఇచ్చేశాడు. తిరిగొచ్చినప్పుడు నేను గుర్తుపట్టలేదు. అంత జుట్టు కింద అంత చిన్న తల ఉందని ఎవరనుకుంటారు? వీధిలో ఎవరడిగినా, "కండ్లు పోయినాయి గదప్పా, సదవలేకపోయినా" అనేవాడు. నా సంగతి భాయికి కూడా చెప్పలేదని భాయే తర్వాత అన్నాడు, నేనే కక్కేసినప్పుడు.

రెండోదానికి జుట్టు పెరగాలి. "నూగు ఇచ్చి వచ్చినానంటే ఎగతాళి గదా. కాలరు తాకనీ" అని కాచుకున్నాడు. ఈసారి మొలిచింది తెల్లగా మొలిచింది, పలచగా, మెల్లగా. జేబులో దువ్వెన మాత్రం ఉండేది. నన్ను ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు. చదివిపెట్టమని మాత్రం మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నాకు చిత్తూరుకు బదిలీ వస్తే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, గంతేశాను.

కొన్ని నెలలకు భాయి ఫోను చేశాడు. మామ మధ్యాహ్నం కుర్చీలో కూర్చుని చదువుకుంటూ అలాగే పోయాడట. నేను వెళ్ళేసరికి అరుగుమీద పడుకోబెట్టి ఉన్నారు. జుట్టు చెవుల దాకా వచ్చింది. కాలరు తాకలేదు.

అత్త నన్ను చూసి దగ్గరికి పిలిచింది. "ఇంకొకటి ఉండిపోయింది నాయనా. ఇంకొంచెం పెరగనీ, పెరగనీ అనినాడు."

"అది నేనిస్తా అత్తా" అన్నాను.

ఇచ్చాను. అలిపిరి దగ్గర చెప్పులు విడిచి మెట్లన్నీ ఎక్కాను. కల్యాణకట్టలో నా ముందర జనం సముద్రంలా ఉన్నారు. మంగలి నా తలమీద నీళ్ళు చల్లి, "ఎవరి మొక్కు?" అన్నాడు. "మా మామది" అన్నాను. మొదటి గీతకే గుర్రబ్బండివాడూ, రాజుగారూ, సన్యాసీ అందరూ నా ఒళ్ళో రాలి పడ్డారు. నా జుట్టు చూసి మంగలే దండం పెట్టాడు. గుండుమీద గాలి తగిలితే, ఏళ్ళ తర్వాత మొదటిసారి తల తేలికగా ఉంది.

ఒప్పుకోవాల్సిన చోటికి వచ్చాను. పై పేరా మొత్తం అబద్ధం. నేను పుట్టించింది అదొక్కటే.

సంగటి నిజం. గుర్రం సకిలించింది నిజం, అంటే ఆ క్యాసెట్టులో నిజం. గ్రంథాలయం అమ్మాయి కళ్ళలో నీళ్ళు నిజం. గుండు మాత్రం లేదు. అలిపిరి దాకా పోయాను. మెట్లు చూశాను. ఆ వారం ఒక సభలో నా హాస్యప్రసంగం ఉండింది, మొదటిది. గుండుతో మైకు ముందు నిలబడితే నేను మాట్లాడకముందే నవ్వుతారని భయమేసింది. వెనక్కి తిరిగి బస్టాండుకు వచ్చి, ఎస్టీడీ బూతు నుంచి అత్తకు ఫోను చేశాను. "అయిపోయింది అత్తా. ఇచ్చేసినా. నీళ్ళు చల్లగా ఉండినాయి" అని కూడా అన్నాను. చల్లగా ఉండినాయి అన్నది ఎందుకు కలిపానో తెలీదు.

అవతల నుంచి అత్త, "సరే నాయనా. బువ్వ తిన్నావా?" అంది.

గుండు చేయించుకున్నవాడు జుట్టుతో ఎలా పోతాడు? అందుకని నెలల తరబడి ఆ వీధి వైపు పోలేదు. మళ్ళీ మొలిచింది అంటే నమ్మేంతకాలం గడిచాక పోయాను. అత్త అరుగుమీద కూర్చుని చింతకాయ కొట్టి గింజలు తీస్తోంది. తలనిండా కొంగు కప్పుకుని ఉంది. నన్ను చూసి లేవబోతే కొంగు జారింది.

ఆమె తలమీద జుట్టు వేలెడు ఉంది. గుండు మీద మళ్ళీ మొలిచిన జుట్టు అది.

నాకు కూర్చోవాలో నిలబడాలో తెలియలేదు.

"నాకోసరం మొక్కిన మొక్కే గదా అది" అంది, కొంగు సర్దుకుంటూ. "తెలిసీ గింజలేసినాను. అందులో నా పాలు గూడా ఉండాది."

"నేను ఫోన్లో చెప్పినాను గదా అత్తా..."

"నువ్వు అయిపోయింది అన్నప్పుడే తెలిసె నాయనా, నేను పోవాల్సొస్తాదని. రెండేండ్లు నీ గొంతు ఇనినా. కల్పించేటప్పుడు కొంచెం తియ్యగా అయితాది."

నా జుట్టు వైపు చూసింది. లోపలికి పోయి మూతపెట్టిన పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. మూత తీయకుండానే వాసన తెలిసింది.

"ముందు తిను" అంది.

తర్వాత ఏం చెయ్యాలో ఈసారి చెప్పలేదు.